ఏజెన్సీ ఊళ్ళో వంటపుస్తకం చూసి కేకులు, రొట్టెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాడేరు, చింతపల్లి, అరకు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు వంటపుస్తకం సంపాదించడం కష్టం కాదు, అందులో రాసిన సరుకే దొరకదు. పుస్తకం రాసినవాళ్ళకు వీధి చివర సూపర్‌మార్కెట్, ఇంట్లో పెద్ద ఓవెన్, ఆగని కరెంటు ఉంటాయి. అవి ఉన్నాయన్న ధీమాతోనే కొలతలు ఇస్తారు, ఆ సంగతి మాత్రం పైకి చెప్పరు. అక్కడే మన కేకు చెడుతుంది. పదేపదే వచ్చే సందేహాలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబే, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## పుస్తకం తెరిచాక, పొయ్యి ముట్టించక ముందు

కప్పు అంటే ఏ కప్పు? మా ఇంట్లో టీ కప్పుతో కొలవొచ్చా?

కొలవకండి. టీ కప్పులు 100 మి.లీ. నుంచి 200 మి.లీ. దాకా రకరకాలుగా ఉంటాయి. అమెరికా పుస్తకంలో కప్పు అంటే సుమారు 240 మి.లీ., ఆస్ట్రేలియా పుస్తకంలో 250 మి.లీ., పాత ఇంగ్లండు పుస్తకంలో 284 మి.లీ. టీస్పూను ఎక్కడైనా 5 మి.లీ. టేబుల్‌స్పూను 15 మి.లీ., ఒక్క ఆస్ట్రేలియాలో 20. అందుకని ముందు పుస్తకం ఏ దేశంలో అచ్చయిందో చూడండి.

ఇంతకంటే మంచి దారి చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోవడం. అమెరికా కప్పును గ్రాముల్లోకి మార్చుకుని పుస్తకం అంచునే పెన్సిలుతో రాసుకోండి: మైదా 120 నుంచి 125, పంచదార 200, వెన్న 227, పాలు 240. వెన్న ‘ఒక స్టిక్’ అంటే 113 గ్రాములు. మైదాను డబ్బాలో కప్పు ముంచి తీస్తే పిండి అణిగి 145 గ్రాముల దాకా పడుతుంది. ‘పుస్తకంలో ఉన్నట్టే చేశాం, కేకు రాయిలా వచ్చింది’ అనేవాళ్ళలో చాలామంది చేసే తప్పు ఇదే. కాటా లేకపోతే పిండిని స్పూనుతో కప్పులోకి వదులుగా పోసి, పైన కత్తితో చదును చేయండి.

పాత పుస్తకంలో ‘మోడరేట్ ఓవెన్’ అనీ, ఇంకోదాంట్లో ‘గ్యాస్ మార్క్ 4’ అనీ ఉంది. ఎంత వేడి?

రెండూ ఒకటే, 180 డిగ్రీల సెల్సియస్. ‘స్లో’ అంటే 150–160, ‘హాట్’ అంటే 200–220. ఫారన్‌హీట్‌లో ఇస్తే 325 అంటే 163, 350 అంటే 177, 375 అంటే 190, 400 అంటే 204, 425 అంటే 218 సెల్సియస్. ఓవెన్‌లో ఫ్యాను తిరుగుతుంటే పుస్తకం చెప్పినదానికి 20 డిగ్రీలు తగ్గించండి.

థర్మామీటరు లేనివాళ్ళకు పాతకాలపు పరీక్ష ఒకటుంది. పళ్ళెంలో చెంచాడు మైదా పలచగా చల్లి వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. 5 నిమిషాల్లో లేత గోధుమరంగుకు వస్తే మధ్యస్థమైన వేడి. ముదురురంగుకు తిరిగితే కేకుకు ఎక్కువ. అసలు రంగే మారకపోతే ఇంకా కాగాలి.

కార్న్ ఫ్లోర్ అని ఉంటే తెల్ల పొడా, పసుపు పిండా?

మన కొట్లోనూ ఇంగ్లండు పుస్తకంలోనూ కార్న్ ఫ్లోర్ అంటే తెల్లటి మొక్కజొన్న గంజిపొడి. దానినే అమెరికావాళ్ళు కార్న్‌స్టార్చ్ అంటారు. అమెరికా పుస్తకంలో కార్న్ ఫ్లోర్ అంటే మెత్తగా విసిరిన మొక్కజొన్న పిండి, కార్న్‌మీల్ అంటే రవ్వ. ఇలాంటి తికమకలే ఇంకొన్ని: ఆల్ పర్పస్ ఫ్లోర్, ప్లెయిన్ ఫ్లోర్ రెండూ మైదాయే. సెమోలినా బొంబాయి రవ్వ. కాస్టర్ షుగర్ సన్న పలుకు పంచదార, మిక్సీలో రెండుసార్లు ఆడించి ఆపితే చాలు, పొడి కానివ్వకండి. అమెరికా ‘బిస్కెట్’ మనం టీలో ముంచుకునేది కాదు, మెత్తటి చిన్న రొట్టె.

పెద్దవాళ్ళ నాటి తెలుగు వంటపుస్తకంలో గిద్ద, సోల, వీశె అని ఉన్నాయి. వీటిని ఎలా మార్చుకోవాలి?

గిద్ద, సోల, తవ్వ, మానిక కొలపాత్రలు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. పాత్ర పరిమాణం ఊరూరికీ మారేది కాబట్టి మిల్లీలీటర్ల కోసం వెతక్కండి. అరిసెలకు సోలెడు బియ్యమంటే మీ ఇంట్లో ఏదో ఒక గ్లాసును సోల అనుకుని మిగతావన్నీ దాంతోనే కొలవండి, పాళ్ళు తప్పవు.

వీశె, పలం, తులం తూకాలు. తులం 11.66 గ్రాములు, పలం 3 తులాలు అంటే 35 గ్రాములు, వీశె 120 తులాలు అంటే సుమారు 1.4 కిలోలు. శేరు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రాంతాన్ని బట్టి 24 తులాల శేరూ ఉంది, 80 తులాల శేరూ ఉంది. ఒకటి 280 గ్రాములు, ఇంకోటి 933. అదే వంటలో మిగతా సరుకుల తూకం చూస్తే ఏ శేరో తెలిసిపోతుంది.

పుస్తకంలో 9 అంగుళాల టిన్ను. మా కుక్కర్లో 6 అంగుళాలదే పడుతుంది. సగం వేస్తే సరిపోతుందా?

సగం కంటే తక్కువ వేయాలి. లెక్క వ్యాసానికి కాదు, వైశాల్యానికి చూడాలి. గుండ్రటి టిన్ను 9 అంగుళాలదైతే సుమారు 64 చదరపు అంగుళాలు, 8దైతే 50, 6దైతే 28. అంటే 9 నుంచి 6కు వస్తే సగానికి కాస్త తక్కువ, లెక్కగా చెప్పాలంటే నూటికి 44 పాళ్ళు. 3 గుడ్ల కేకును ఒకటిన్నర గుడ్డుకు దించి, మిగిలే కొంచెం పిండిని ఇడ్లీ గుంటల్లో పోసి ఆవిరి మీద ఉడికించుకోండి. టిన్నులో పిండి మూడింట రెండు వంతులు మించకూడదు. 8 అంగుళాల చదరపు టిన్ను, 9 అంగుళాల గుండ్రటి టిన్ను ఒకదానికి బదులు ఒకటి వాడుకోవచ్చు.

అలమార నిండా పుస్తకాలున్నాయి. మొదట ఏది చేసి చూడాలి?

బొమ్మ బాగుందని ఎంచుకోకండి. సరుకుల పట్టిక చదివి, మీ ఇంట్లో లేనివి రెండుకు మించితే ఆ పేజీ వదిలేయండి. ఒక వస్తువుకు ప్రత్యామ్నాయం వేస్తే వంట నిలబడుతుంది, మూడింటికి వేస్తే అది వేరే వంట అవుతుంది.

మొదటిసారికి గుడ్ల తూకం కేకు మంచిది. 2 గుడ్లు పగలగొట్టి తూచండి. 90 గ్రాములు వచ్చిందనుకుంటే వెన్న 90, పంచదార 90, మైదా 90, బేకింగ్ పౌడర్ ముప్పావు టీస్పూను. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్లు కొంచెం కొంచెంగా కలిపి, జల్లించిన పిండిని గరిటెతో మడతపెట్టినట్టు కలపాలి. 6 అంగుళాల టిన్నుకు సరిగ్గా సరిపోతుంది. ఇది కుదిరితే మీ పొయ్యి స్వభావం మీకు తెలిసినట్టే.

## సరుకు దొరకనప్పుడు

నెలకోసారే నర్సీపట్నమో విశాఖపట్నమో దిగుతాం. ఏవి తెచ్చి పెట్టుకోవాలి?

మైదా 2 కిలోలు, బేకింగ్ పౌడర్ చిన్న డబ్బా, ఇన్‌స్టంట్ ఈస్ట్, కోకో పొడి, పాలపొడి, వెనిల్లా ఎసెన్స్, బటర్ పేపర్. ఇంతే. బేకింగ్ పౌడర్ పెద్ద డబ్బా చవకని తీసుకోకండి, మూత తీసిన ఆరు నెలలకు బలం తగ్గుతుంది, వానాకాలంలో ఇంకా ముందే. చాక్లెట్, క్రీమ్ లాంటివి ఘాటు రోడ్డెక్కి ఇంటికి చేరేలోపు కరిగిపోతాయి, ఆ వంటలు చలికాలానికి ఉంచుకోండి. మైదా తెచ్చిన రోజే గాలి చొరని డబ్బాలో పోసి, ఫ్రీజర్ ఉంటే ముందు 4 రోజులు అందులో పెట్టి తీస్తే ముక్కపురుగు గుడ్లు చస్తాయి. నిమ్మకాయలు, అనాస, అల్లం, మిరియాలు, పసుపు, కాఫీ సంతలోనే మేలైనవి దొరుకుతాయి.

సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ ఎక్కడా దొరకలేదు. ఏం చేయాలి?

వెతకాల్సిన పని లేదు. 150 గ్రాముల మైదాకు 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి మూడుసార్లు జల్లిస్తే అదే. ఎక్కువ కలిపి నిల్వ చేయకండి, చెమ్మ తగిలితే పొంగే గుణం పోతుంది. కేక్ ఫ్లోర్ అడిగితే 125 గ్రాముల మైదాలోంచి 2 టేబుల్‌స్పూన్లు తీసి అంతే కార్న్ ఫ్లోర్ కలపండి.

బేకింగ్ పౌడర్ లేదు, వంటసోడా ఉంది. అదే వేయొచ్చా?

పుల్లటి వస్తువు తోడుంటేనే. సోడా ఒక్కటే వేస్తే కేకు పసుపురంగు మరకలతో సబ్బు రుచి కొడుతుంది. సోడా బలం బేకింగ్ పౌడర్‌కు సుమారు మూడు నాలుగింతలు. టీస్పూను బేకింగ్ పౌడర్ బదులు పావు టీస్పూను సోడా, దానికి అర టీస్పూను నిమ్మరసం లేదా వెనిగర్ వేయాలి. పుస్తకంలో పాలు ఉంటే సగం పాలు తీసి అంతే పెరుగు వేసినా సరే. సోడా తడి తగలగానే పని మొదలుపెడుతుంది కాబట్టి కలిపిన 5 నిమిషాల్లో టిన్ను పొయ్యి మీద ఉండాలి.

డబ్బాలో ఉన్న పౌడర్ పనిచేస్తుందో లేదో చూడాలంటే అర టీస్పూను వేడినీళ్ళలో వేయండి, వెంటనే బుసబుస పొంగాలి. సోడాను ఇలాగే వెనిగర్‌లో వేసి చూడండి.

ఈస్ట్ పొట్లం మీద తేదీ బాగానే ఉంది, రొట్టె మాత్రం పొంగలేదు. నకిలీదా?

నకిలీ కాదు, దారిలో ఎండ తగిలి చచ్చి ఉంటుంది. లేదా మీరే వేడినీళ్ళు పోసి ఉంటారు. 100 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో టీస్పూను పంచదార, టీస్పూను ఈస్ట్ వేసి 10 నిమిషాలు వదలండి. పైన నురగ మందంగా కట్టకపోతే పారేయండి. నీళ్ళు 38–40 డిగ్రీలుండాలి, అంటే చంటిబిడ్డకు పోసే నీళ్ళంత. 55 దాటితే ఈస్ట్ బతకదు.

పుస్తకంలో తాజా ఈస్ట్ 30 గ్రాములుంటే యాక్టివ్ డ్రై 12, ఇన్‌స్టంట్ 10 గ్రాములు. అమెరికా ‘ప్యాకెట్’ అంటే 7 గ్రాములు, రెండుంపావు టీస్పూన్లు. విప్పిన పొట్లాన్ని చిన్న సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి.

ఉప్పు లేని వెన్న అంటున్నారు. కొట్లో ఉప్పు వెన్నే ఉంది. ఇంట్లో వెన్న గానీ నెయ్యి గానీ వాడొచ్చా?

ఉప్పు వెన్న వాడితే పుస్తకంలో చెప్పిన ఉప్పు మానేయండి, అంతే. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్ళు ఎక్కువుంటాయి. చన్నీళ్ళలో కడిగి, గుడ్డలో పిండి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక తూచండి. పుల్లటి వెన్నయితే కేకు రుచి మారుతుంది కానీ చెడదు.

నెయ్యి వేరు. వెన్నలో సుమారు 80 పాళ్ళు కొవ్వు, మిగిలింది ఎక్కువగా నీరే. నెయ్యి మొత్తం కొవ్వే. 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నెయ్యి, 20 మి.లీ. పాలు వేయాలి. నెయ్యి పేరుకుని ఉండాలి. కరిగిన నేతిలో గాలి నిలవదు, బిస్కెట్లు కూడా పళ్ళెం మీద పరుచుకుపోతాయి. కరిగించిన వెన్న వేయమన్న చోట నూనె వేసినా నష్టం లేదు, అదీ 80 గ్రాములే.

బటర్‌మిల్క్ అంటే మన మజ్జిగే కదా?

కాదు. పుస్తకంలోది చిక్కగా, కమ్మటి పులుపుతో ఉంటుంది. మన మజ్జిగ పోస్తే పిండి నీళ్ళోడుతుంది. ఒక కప్పుకు 180 మి.లీ. పెరుగులో 60 మి.లీ. నీళ్ళు కలిపి చిలకండి. పెరుగు లేకపోతే 240 మి.లీ. పాలలో టేబుల్‌స్పూను నిమ్మరసం వేసి 10 నిమిషాలు ఆగండి.

క్రీమ్ గంటసేపు గిలకొట్టినా నిలబడలేదు. ఎందుకు?

డబ్బాలో వచ్చే మామూలు క్రీమ్‌లో కొవ్వు 20–25 శాతమే. గిలకొడితే నిలబడాలంటే 30 దాటాలి, 35 ఉంటే హాయి. గంట కాదు, పూటంతా కొట్టినా అది నిలవదు. కూరలోకీ సూపులోకీ మాత్రం బాగుంటుంది. కేకు పైన పూతకు పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసి, పొడి పంచదార, ఏలకుల పొడి కలిపి వాడండి. క్రీమ్ చీజ్ అడిగిన చోటా ఇదే నప్పుతుంది, కాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు వేలాడదీయాలి.

బ్రౌన్ షుగర్ బదులు అనకాపల్లి బెల్లం వేస్తే?

చాలా వంటల్లో అసలుదానికంటే బాగుంటుంది. తూకానికి తూకం వేయండి, తురిమి, గడ్డలు లేకుండా జల్లించి. మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. బెల్లంలో చెమ్మ ఎక్కువ కాబట్టి ద్రవం టేబుల్‌స్పూను తగ్గించాలి. కాస్త పులుపు గుణం ఉంటుంది కాబట్టి వేడి పాలలో వేస్తే విరుగుతాయి, పాలు చల్లారాకే కలపాలి. రంగు త్వరగా వస్తుంది, వేడి 10 డిగ్రీలు తగ్గించండి. కరకరలాడే బిస్కెట్‌కు మాత్రం మొత్తం బెల్లం వద్దు, సగం పంచదార ఉండాలి. మొలాసెస్ అడిగితే ముదురు బెల్లాన్ని కొద్ది నీళ్ళతో తేనెపాకం చేసి వడకట్టి వాడండి.

ఇక్కడ నాటుకోడి గుడ్లే దొరుకుతాయి. ఎన్ని వేయాలి? అసలు గుడ్డు తినకపోతే?

అమెరికా ‘లార్జ్’ గుడ్డు పెంకు తీశాక 50 గ్రాములు. నాటుకోడి గుడ్డు 30–35 ఉంటుంది. 2 గుడ్లు అంటే మీరు 3 వేయాలి. లెక్కపెట్టకండి, తూచండి.

గుడ్డు వద్దంటే ఒక్కోదానికి 60 మి.లీ. పెరుగు, లేదా టేబుల్‌స్పూను అవిసెగింజల పొడిని 3 టేబుల్‌స్పూన్ల నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి వేయండి. రెండు గుడ్ల దాకా ఇది పనిచేస్తుంది. నాలుగు గుడ్లు గిలకొట్టి పొంగించే స్పాంజి కేకుకు ఏ ప్రత్యామ్నాయమూ లేదు, గుడ్డు లేని వంటే వెతుక్కోండి.

మైదా తగ్గించి చోడిపిండి (రాగిపిండి) కలపొచ్చా?

చోళ్ళలో రొట్టెను సాగదీసి నిలబెట్టే జిగురు లేదు. అందుకని కేకులో పిండి మొత్తంలో పావు వంతు, ఈస్ట్ రొట్టెలో ఆరో వంతు, బిస్కెట్లలో సగం దాకా. బిస్కెట్లకు ముందు చోడిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చండి, పచ్చివాసన పోతుంది. చోడి, బెల్లం, కోకో మూడూ ఒకదానికొకటి బాగా కుదిరే రుచులు. సామల పిండికీ ఇవే పాళ్ళు, కొంచెం పలుకుగా వస్తుంది.

రోజూ పాలు దొరకవు. పాలపొడితో ఎలా?

ఒక కప్పు పాలకు 30 గ్రాముల పొడి, 215 మి.లీ. నీళ్ళు. కేకులో అయితే పొడిని మైదాతో కలిపి జల్లించి, నీళ్ళు విడిగా పోయడం తేలిక, గడ్డలు కట్టవు.

## పొయ్యి, ఓవెన్, కరెంటు

కుక్కర్లో కేకు అడుగు మాడి, పైన పచ్చిగా ఉంటోంది. ఎక్కడ తప్పు?

సెగ ఎక్కువైంది, లేదా టిన్ను అడుగుకు మరీ దగ్గరగా ఉంది. కుక్కర్లో వేడి కింది నుంచే వస్తుంది. వరస ఇలా ఉండాలి. మూత రబ్బరు, విజిల్ రెండూ తీసేయండి. లోపల నీళ్ళు పోయకూడదు. అడుగున కడిగి ఎండబెట్టిన ఇసుక గానీ కల్లుప్పు గానీ అంగుళం మందాన పోయండి. దాని మీద అంగుళం ఎత్తు స్టాండు. మూత పెట్టి మధ్యస్థం సెగ మీద 10 నిమిషాలు కాగనిచ్చి, టిన్ను లోపల పెట్టి, వెంటనే సెగను చిన్న బర్నర్ మీద సన్నగా తగ్గించండి. 6 అంగుళాల కేకుకు 40–50 నిమిషాలు. మొదటి 30 నిమిషాలు మూత తీయొద్దు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.

పైన ఎర్రబడదు, అది కుక్కర్ గుణం. రంగు కావాలంటే దింపాక పెనం మీద తిరగేసి నిమిషం ఉంచండి. మూత మీది చెమట కేకు మీద పడుతుంటే, కుక్కర్ బదులు మందపాటి డేగిసా వాడి, మూతకు బట్ట చుట్టి చెంగులు పైకి మడిచి ముడివేయండి. చెంగు కిందికి వేలాడితే మంట అంటుకుంటుంది. ఇంకో మాట: నీళ్ళు లేకుండా కాగిన కుక్కర్ అడుగు కాలక్రమంలో వంగుతుంది. పప్పు ఉడికించే కుక్కర్‌ను ఇందుకు వాడకండి, పాతది ఒకటి వేరే పెట్టుకోండి.

గ్యాస్ బండ అయిపోయింది, కట్టెల పొయ్యే ఉంది. కేకు అవుతుందా?

అవుతుంది, కుక్కర్ కేకు కంటే పైభాగం బాగా కాలుతుంది కూడా. మంట మీద కాదు, నిప్పుల మీద చేయాలి. మందపాటి ఇనుప పాత్ర, దానికి అంచున్న చదును మూత కావాలి. కింద నిప్పులు మూడో వంతు, మూత మీద రెండు వంతులు. కేకు అడుగు మాడకుండా పైన రంగు వచ్చేది ఈ పాళ్ళ వల్లే. 15 నిమిషాలకోసారి పాత్రను పావు చుట్టు తిప్పండి, పైన నిప్పులు బూడిదైతే కొత్తవి వేయండి. మూత ఎత్తేముందు బూడిద ఊడ్చేయాలి. రొట్టె, చోడి బిస్కెట్లు, గుమ్మడికాయ కేకు ఇందులో బాగా వస్తాయి. పలచటి సత్తు గిన్నెలతో ప్రయత్నించకండి.

ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పుస్తకం 35 నిమిషాలంటే మాకు గంట పడుతోంది. ఓవెన్ పాడైందా?

ముందు ఓల్టేజి చూడండి. హీటర్ ఇచ్చే వేడి ఓల్టేజి వర్గాన్ని, అంటే ఓల్టేజిని దాంతోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి మారుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తుంటే, 1500 వాట్ల ఓవెన్ 920 వాట్ల పనే చేస్తుంది. అందుకే ఊరంతా మోటార్లు వేసే వేళ కేకు పెట్టకూడదు, మధ్యాహ్నం రెండింటికో రాత్రి పొద్దుపోయాకో పెట్టండి. వేడెక్కడానికి 10 నిమిషాల బదులు 25 నిమిషాలు ఇవ్వండి. ఇంట్లో లైట్లకు పెట్టుకున్న 900 వీఏ ఇన్వర్టర్ మీద ఓటీజీ నడవదు.

మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడేం చేయాలి?

తలుపు తీయకండి, అదే మొదటి పని. కేకు పెట్టి 20 నిమిషాలు దాటి, పైన పొర కట్టి ఉంటే లోపలి వేడికే ఇంకో 10–15 నిమిషాలు ఉడుకుతుంది. కరెంటు వచ్చాక పుల్ల గుచ్చి చూసి ముగించండి. 10 నిమిషాలు కూడా కాకముందే పోతే టిన్నును వెంటనే కాగిన కుక్కర్లోకి మార్చండి, కొంచెం కుంగినా తినేలా వస్తుంది. ఈస్ట్ రొట్టెదీ అదే దారి. బిస్కెట్లయితే కంగారు లేదు, తీసి పెట్టి తర్వాత మళ్ళీ కాల్చవచ్చు.

పాడేరు, అరకు ఎత్తు మీద ఉన్నాయి కదా. కొలతలు మార్చాలా?

సుమారు 900 మీటర్ల ఎత్తు. నీళ్ళు ఇక్కడ 100 దగ్గర కాదు, 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కేకు త్వరగా పొంగి, గట్టిపడేలోపు కుంగుతుంది. 900 మీటర్లకు మార్పు చిన్నదే: టీస్పూను బేకింగ్ పౌడర్‌కు ఎనిమిదో వంతు తగ్గించండి, కప్పు పంచదారకు టేబుల్‌స్పూను తగ్గించండి, కప్పు ద్రవానికి 1–2 టేబుల్‌స్పూన్లు పెంచండి, వేడి 10 డిగ్రీలు పెంచండి. మామూలు వెన్న కేకు ఇవేమీ చేయకపోయినా వస్తుంది. సున్నితమైన స్పాంజి దగ్గరే తేడా కనిపిస్తుంది.

పాకాల దగ్గర మాత్రం తప్పక మార్చాలి. పుస్తకం 115 డిగ్రీల పాకం అంటే మీరు 112 దగ్గర దింపాలి. థర్మామీటరు లేనివాళ్ళకు ఈ బాధే లేదు, నీళ్ళలో వేసి చూసే ఉండపాకం ఏ ఎత్తులోనైనా ఉండపాకమే.

## ఈస్ట్ రొట్టె

చలికాలంలో రెండు గంటలైనా పిండి పొంగదు. ఎన్ని గంటలు ఆగాలి?

గడియారం చూడకండి, పిండి రెట్టింపు కావడం చూడండి. పుస్తకం చెప్పే గంట 25–27 డిగ్రీల గదికి. లంబసింగి వైపు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 5 డిగ్రీలకూ పడిపోతుంది. అప్పుడు నాలుగైదు గంటలూ పట్టవచ్చు. తొందరగా కావాలంటే మూతపడే పెద్ద డేగిసాలో గ్లాసుడు మరిగే నీళ్ళు పక్కన పెట్టి పిండి గిన్నె ఉంచండి, 40 నిమిషాలకోసారి నీళ్ళు మార్చండి. తొందర లేకపోతే ఈస్ట్ సగం వేసి రాత్రి కలిపి వదిలేయండి, ఇడ్లీపిండి లెక్కే. రుచి ఇంకా బాగుంటుంది.

వేలు తడిపి అరంగుళం గుచ్చండి. గుంట నెమ్మదిగా సగం పూడితే సిద్ధం. వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఎక్కువ పొంగింది, మళ్ళీ అణిచి, చుట్టి, సగం సేపు పొంగనివ్వండి.

పుస్తకంలోని నీళ్ళన్నీ పోస్తే పిండి చేతికి అంటుకుని జావలా ఉంది. ఎందుకు?

పుస్తకం బ్రెడ్ ఫ్లోర్‌కు లెక్క ఇచ్చింది. అందులో మాంసకృత్తులు 12–13 శాతం, ఎక్కువ నీళ్ళు తాగుతుంది. మన మైదాలో 10 దగ్గర. వానాకాలంలో అది ముందే చెమ్మ పీల్చుకుని ఉంటుంది. 300 గ్రాముల మైదాకు 180 మి.లీ. నీళ్ళతో మొదలుపెట్టండి, అందులో 20 మి.లీ. చివరిదాకా ఆపుకోండి. మిగతావి: ఉప్పు 6 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, పంచదార, నూనె 15 గ్రాముల చొప్పున. 10–12 నిమిషాలు పిసకాలి. చిన్న ముద్ద తీసి సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించే పొర రావాలి. 200 డిగ్రీల దగ్గర 30–35 నిమిషాలు. అడుగు తట్టితే డొల్ల శబ్దం రావాలి. పూర్తిగా చల్లారకముందు కోస్తే లోపల బంకగా ఉంటుంది, అది కాల్చడంలో తప్పు కాదు, కోతలో తొందర.

## దింపాక, నిల్వ చేసేటప్పుడు

కేకు మధ్యలో గుంట పడింది. కారణం ఎలా కనుక్కోవాలి?

కోసి చూడండి. మధ్యలో తడిగా ఉంటే ఉడకలేదు. తడి లేకుండా పెద్ద పెద్ద రంధ్రాలుంటే బేకింగ్ పౌడర్ ఎక్కువైంది. అడుగున బంక గీత ఉంటే పిండి కలిపాక ఎక్కువసేపు గిలకొట్టారు. గుంట కాక గోపురంలా లేచి పగిలితే వేడి ఎక్కువ. ఎండుద్రాక్షలు అడుక్కి దిగితే పిండి పలచన, మైదాలో దొర్లించి వేసినా పలచటి పిండిలో ఆగవు.

వానాకాలంలో బిస్కెట్లు ఒక్కరోజుకే మెత్తబడుతున్నాయి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, అడుగున గుడ్డలో మూటకట్టిన గుప్పెడు వేయించిన బియ్యం వేయండి. మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల దగ్గర 5–6 నిమిషాలు పెట్టి చల్లారిస్తే మళ్ళీ కరకరలాడతాయి. కేకును, బిస్కెట్లను ఒకే డబ్బాలో పెట్టకూడదు.

స్ట్రాబెర్రీ జామ్ గట్టిపడలేదు. పుస్తకం చెప్పిన 105 డిగ్రీలు రానేలేదు, అడుగు మాడింది.

900 మీటర్ల ఎత్తులో 101–102 దగ్గరే జామ్ తయారవుతుంది, 105 దాకా కాస్తే మాడుతుంది. స్ట్రాబెర్రీలో గట్టిపరిచే పెక్టిన్ కూడా తక్కువ. కిలో పళ్ళకు 750 గ్రాముల పంచదార, 2 నిమ్మకాయల రసం వేయండి. దోర జామకాయలు రెండు ముక్కలు చేసి గుడ్డలో కట్టి అందులో ఉడికించి తీసేస్తే పెక్టిన్ లోటు తీరుతుంది. చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో నెడితే ముడతలు పడాలి. సీసాలను మరిగే నీళ్ళలో ఉంచమని అమెరికా పుస్తకం 5 నిమిషాలంటే మీరు 10 ఉంచండి.

అదే పుస్తకంలో బీన్స్, మొక్కజొన్న, మాంసం సీసాల్లో నిల్వ చేయమని ఉంది. మన కుక్కర్లో చేయొచ్చా?

వద్దు. పులుపు లేని పదార్థాల్లో బొట్యులిజం తెచ్చే క్రిమి విత్తులు మరిగే నీళ్ళకు చావవు, గాలి లేని సీసాలో విషం తయారుచేస్తాయి. అది వాసనతో గానీ రంగుతో గానీ బయటపడకపోవచ్చు. దానికి ఒత్తిడి కొలిచే మీటరున్న ప్రత్యేకమైన క్యానర్ కావాలి. మన విజిల్ కుక్కర్ ఆ పనికి తయారు చేసింది కాదు. కూరగాయలు ఎండబెట్టండి, వరుగులు చేయండి, ఊరగాయ పెట్టండి.

చింతపల్లి రాజ్మా పుస్తకంలో చెప్పినట్టు ‘స్లో కుక్కర్’లో చేస్తే కడుపునొప్పి వచ్చింది.

రాజ్మాలో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది, అది సన్నటి వేడికి పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లాలి. ఎత్తు ప్రాంతంలో కుక్కరే మేలు, లోపలి ఒత్తిడి వల్ల వేడి 110 దాటుతుంది. చింతపండు, టమాటా గింజ మెత్తబడ్డాకే వేయండి, పులుపు ముందే పడితే ఎంతసేపైనా ఉడకదు.

పుస్తకాలకు చెమ్మ, బూజు, చెదలు. ఎలా కాపాడుకోవాలి?

అలమారను గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా జరపండి, అన్నిటికంటే కింది పుస్తకం నేలకు ఒక అడుగు ఎత్తున ఉండాలి. పొయ్యి పైన అలమారలో పెడితే నూనె ఆవిరికి పేజీలు అతుక్కుంటాయి. వాన తెరిపిచ్చిన రోజు నీడలో, గాలి తగిలేలా విప్పి నిలబెట్టండి, ఎండలో పెడితే అట్టలు వంగుతాయి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి మధ్యమధ్య ఉంచండి. బూజు పట్టిన పుస్తకాన్ని వేరుచేసి, బాగా ఆరాక ఆరుబయట మెత్తటి కుంచెతో దులపండి. వంట చేసేటప్పుడు పుస్తకం గట్టు మీదికి తేకుండా ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకోండి. మీరు మార్చిన గ్రాములు, నిమిషాలు, ఆ రోజు ఓల్టేజి మాత్రం వంటయ్యాక పేజీ అంచునే పెన్సిలుతో రాయండి. చెమ్మ తగిలితే పెన్ను సిరా అలుక్కుపోతుంది.